దొండాకుల ద్రాక్షతీగ

మా వదిన ప్రమీలకు ఇత్తడి పిచ్చి. పిచ్చి అంటే పిచ్చే, ఆడబిడ్డను కాబట్టి నేను అనగలను. పెంబర్తిలో ఆరు నెలలు పని నేర్చుకుని వచ్చి, కాజీపేటలో మా పెరటి రేకుల షెడ్డునే కార్ఖానా చేసుకుంది. ఇత్తడి రేకును లక్క మీద బోర్లించి, వెనక నుంచి మొద్దు ఉలితో కొడుతుంది. ముందువైపు ఆకులూ పిట్టలూ మిడతలూ ఉబికి వస్తాయి. రోజంతా టకటకా! మా ఇంట్లో మధ్యాహ్నం కునుకన్నది పోయి మూడేళ్లయింది.

పోయిన ఏడు మా చర్చి వాళ్లు ప్రసంగ వేదిక ముందు బిగించడానికి ద్రాక్షతీగ పలక చేయమన్నారు. వదినకు దొరికిన మొదటి పెద్ద పని. ఇది నిలిస్తే షెడ్డు నీది, లేకపోతే మళ్లీ కట్టెలు పేర్చుకుంటానని మా అమ్మ ముందే తేల్చి చెప్పింది. పాపం, రెండు నెలలు తిండీ తిప్పలూ మానేసి కొట్టింది.

తీరా చర్చిలో పలక మీది గుడ్డ తీస్తే, సంఘపెద్ద యోసేపు మామ ముక్కు చిట్లించాడు. రైల్వేలో ఫిట్టరుగా రిటైరైన మనిషి, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడు.

"ఇదేం ద్రాక్షనే బిడ్డా? పండ్లేమో ద్రాక్షలు, ఆకులేమో దొండాకులు!"

నిజమే! మా దగ్గర ద్రాక్షపండ్లు తోపుడుబండి మీద ఉత్త గుత్తులుగానే వస్తాయి, వాటి ఆకు ఎవడు చూశాడు? దొండపందిరి కింద కూర్చుని పని చేసే వదిన, కళ్లెదుట ఉన్న ఆకునే కొట్టేసింది. వెనకాల ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఆ పలక తీసి వాళ్ల నెత్తినే వేయాలనిపించింది నాకు.

"వాపస్ తీస్కపో. మల్ల చెయ్యి," అన్నాడు మామ.

వదిన ముఖం కందిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"దొండాకని మీకెవలు చెప్పిన్రు మామా?"

"ఒకలు చెప్పుడేంది? కనవడ్తలేదా? గా అంచులు, గా ఈనెలు... గిదిగో, ఈ ఆకునైతే పురుగు గూడ తిన్నది! మా పెరట్ల దొండ అచ్చం గిట్లనే ఉంటది."

"ఇత్తడిల దొండను గుర్తువట్టిన్రు గద! నాకింకేం గావాలె? మీరు ద్రాక్షాకు తెచ్చియ్యున్రి, గది గూడ గిట్లనే గుర్తువట్టేటట్టు కొడ్త."

మామ కళ్లద్దాలు పైకి నెట్టి, వంగి, పురుగు తిన్న ఆకు అంచును వేలితో తడిమాడు. అలా ఎంతసేపు తడిమాడో! తర్వాత నవ్విన వాళ్ల వైపు తిరిగి గద్దించాడు.

"ఇకిలించుడు బంజెయ్యున్రి. ఆ స్క్రూడ్రైవర్ ఇటియ్యున్రి, నేనే బిగిస్త."

డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని పలక బిగిస్తుంటే నా సంతోషం పట్టలేకపోయాను. వదిన మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఎడమ దిక్కు కిందికైంది మామా. జర లేపున్రి."

సంఘం మొత్తంలో ఎవరి మాటా వినని యోసేపు మామ, కిక్కురుమనకుండా లేపాడు.