ఈ కవిత నాది కాదు

గుంటూరులో మిర్చి ఘాటుకు తుమ్మనివాళ్ళూ, ఫోన్‌లో కవిత్వం రాయనివాళ్ళూ నానాటికీ తగ్గిపోతున్నారు. మొదటిదానికి నేను చేయగలిగిందేమీ లేదు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం తప్ప. రెండోదానికి మాత్రం ఈమధ్య నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టినాయన వినుకొండలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. వాట్సాప్‌లో కవితల గ్రూపు ఒకటి పెట్టి, వారం వారం ఒక అంశం ఇచ్చి పోటీ నడుపుతుంటారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యానని ఎవరో చెప్పారట, ఫోన్ చేశారు. "మార్కులు వేస్తానండీ, పొగడటం మాత్రం నా వల్ల కాదు" అన్నాను. "మార్కులు ఎవరిక్కావాలి మేడం? ఆ పొగడటం కోసమే గదా అందరూ రాసేది" అన్నారాయన.

ఆ గ్రూపులో ఆచారం అది. బహుమతి వచ్చినా రాకపోయినా ప్రతి కవితకూ న్యాయనిర్ణేత నాలుగు వాక్యాల సమీక్ష రాయాలి. అందులో ఒక్క వాక్యం కూడా నొప్పించేది ఉండకూడదు. బడిలో ఎర్ర పెన్నుతో పిల్లల వ్యాసాలను చీల్చి చెండాడినదాన్ని. మొదటి వారమంతా ఉపవాసం ఉన్నట్టే ఉంది నాకు. తర్వాత కిటుకు తెలిసింది. కవితలో ఏమీ లేకపోతే సామాజిక స్పృహ ఉందని రాయాలి. ఏమీ అర్థం కాకపోతే భావం లోతైనదనాలి. మరీ పొడుగైతే విస్తృతి, మరీ పొట్టిదైతే క్లుప్తత. రాసింది పోస్టు చేయడం ఆలస్యం, దండాలు పెట్టే చేతులూ పూలగుత్తులూ వచ్చిపడతాయి. పెళ్ళిలో అక్షింతలు కూడా అంత జోరుగా పడవు.

నవ్వుకుంటూ మొదలుపెట్టానే గాని, కొన్నాళ్ళకు నవ్వు తగ్గింది. ఒకావిడ నేను రాసిన నాలుగు వాక్యాలను తన స్టేటస్‌లో పెట్టుకుని వారం రోజులు తీయలేదు. పెళ్ళయినప్పటి నుంచీ తనను ఎవరూ ఏ పనికీ మెచ్చుకోలేదని, కూర బాగుందని కూడా అనలేదని నాకు విడిగా మెసేజ్ పెట్టింది. అన్నం ఆకలి లాగే మెప్పు ఆకలి కూడా ఒకటుందని నాకు అప్పుడు తెలిసింది. అప్పటి నుంచీ సమీక్షలు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

ఇంకో నియమం కూడా ఉంది. ప్రతి కవితా పంపేటప్పుడు కింద ఒక హామీ రాయాలి. 'పై కవిత నా స్వీయ రచన, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదని హామీ ఇస్తున్నాను' అని. ఇది లేకపోతే కవిత పోటీలోకి రాదు.

మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక వారం 'నిరీక్షణ' అని అంశం ఇచ్చారు. నిరీక్షణ అనగానే మావాళ్ళు చకోర పక్షుల్నీ వెన్నెలనీ గంపలకొద్దీ దింపేశారు. వాటి మధ్యలో ఒక కొత్త నంబరు నుంచి ఇది వచ్చింది.

మజ్జిగ గిన్నె మీద మూత పెట్టా.
మూత తీసిన చప్పుడు నీకు వినపడదులే,
నాకు వినపడితే చాలు.
పై చేలో కాయ ఎర్రబడింది.
నేను పొద్దున్నే చూసొచ్చా.
నువ్వు చూసొచ్చి చెప్పిందాకా
చూడనట్టే ఉంటా.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. చేలో మొదటి కాయ ఎర్రబడిందని ఇంటికొచ్చి చెప్పడంలో రైతుకు ఎంత సంబరం ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకు తెలుసు. ఆ సంబరం భర్తకు మిగల్చడం కోసం తాను చూసి కూడా చూడనట్టు ఉంటుందట ఆవిడ. ఇంతకన్నా నిరీక్షణ ఏముంటుంది అనుకున్నాను.

కవిత కింద హామీ చూసి మాత్రం నవ్వాగలేదు. 'పై కవిత నా స్వీయ రచన కాదని హామీ ఇస్తున్నాను. మా ఇంటామె రాసింది' అని ఉంది.

గ్రూపు భగ్గుమంది. సాహితీ చౌర్యం అన్నారొకరు. దొంగే వచ్చి దొంగతనం చేశానని చెబుతుంటే ఇంకా చూస్తూ కూర్చుంటారేమండీ అన్నారు ఇంకొకరు. వినుకొండ ఆయన నాకు ఫోన్ చేసి, "తీసేస్తున్నానండీ, నిబంధన నిబంధనే" అన్నారు.

"ఒక్కరోజు ఆగండి. ఈ గ్రూపులో హామీని ఇంత నిజాయితీగా రాసినవాళ్ళు ఇంకెవరూ ఉండరు" అన్నాను. ఆయనకు కోపం వచ్చినట్టుంది, రెండో మాట లేకుండా పెట్టేశారు.

మధ్యాహ్నం ఆ కొత్త నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తీ ఎత్తగానే, "ఎవరండీ! నాకు వినపడదండీ! మెసేజీ పెట్టండి!" అని ఒక్క అరుపు అరిచి కట్ చేశాడు. మూత తీసిన చప్పుడు ఎవరికి వినపడదో అప్పుడు అర్థమైంది.

నేనెవరో చెప్పి, ఈ కవిత సంగతేమిటని టైపు చేశాను. ఆయన టైపు చేయలేదు. నోటితో చెప్పి ఆ రికార్డింగు పంపాడు. వినపడనివాళ్ళు గొంతెత్తే మాట్లాడతారు గదా, నా ఫోన్ హాలంతా దద్దరిల్లేట్టు మోగింది. మావారు పేపరు దించి, "నీ కవులు ఇంటి మీదికొచ్చారా?" అన్నారు.

"దర్శి దగ్గరండీ మాది! మిరప తోట! మా మేనల్లుడు పంతులండీ, వాడే నన్ను ఈ గ్రూపులో వేశాడు! నాకు చెవులు పోయినాక మా ఇంటామె రోజూ ఫోన్లో రాసి పెట్టేది. పనికి బొయ్యేముందు ఒకటి, వచ్చినాక ఒకటి. కోతలు మొదలైన కాడ్నించి రాయటం మానేసిందండీ. గోడకు చెప్పుకున్నట్టుంది, నువ్వు బొటనేలు బొమ్మ తప్ప ఇంకోటి పంపవు, నేనింక రాయను అంది. నాకు పొగడటం రాదండీ! మీరు అందరికీ నాలుగు ముక్కలు మంచిగా రాస్తన్నారు గదా. మా ఇంటామెకు గూడా రాసిపెట్టండి. నేను చదివి చెబుతా. మళ్ళా రాసిద్దేమో!"

ఆయన పోటీకి రాలేదు. భార్యను మెచ్చుకోవడానికి మాటలు అడుక్కోవడానికి వచ్చాడు. పోట్లాడి అలిగినవాళ్ళను బతిమాలడం వేరు. మాట్లాడేవాళ్ళే ఉన్నట్టుండి మూగబోతే, వాళ్ళను మళ్ళీ మాట్లాడించడం ఎవరి తరం? నాకు ఆయన మీద జాలీ ప్రేమా రెండూ కలిగాయి. ఇంతకీ మీకు అందులో ఏం నచ్చింది, అదేదో మీరే చెప్పొచ్చుగా అని రాశాను.

ఈసారి మావారు ముందే లేచి తలుపులు వేసి వచ్చారు.

"ఏం నచ్చిందంటే ఏం చెబుతానండీ! చెవులు పోయినాక ఊళ్ళో జనం నాతో మాటలు తగ్గించారు. ఒక సైగ చేసి బోతారు. అన్నం తిను, మోటరు ఆపు, అంతే. ఆమె మాత్రం ఇయ్యాల గాలి ఎట్టా వీస్తందో, కొట్టంలో దూడ ఎట్టా అరిచిందో, కూలోళ్ళు ఏం జోకులేసుకున్నారో అయ్యన్నీ రాసేది. అయ్యి చదివితే నాకు అన్నీ వినపడేయండీ! ఆమె రాయటం మానేసింది గదా, నాకు నిజంగా చెవుడొచ్చింది ఇప్పుడండీ!"

మావారు పేపరు మడిచి పక్కన పెట్టేశారు.

ఇదే ఆమెతో అనండి, ఇంతకంటే నేను రాయగలిగింది లేదు అని పంపాను. వెంటనే బదులొచ్చింది. "నేనంటే నవ్విద్దండీ! మీరు రాసిందయితే బాగుండిద్ది!" రైతు పట్టు పడితే ఇంక కదలడు. సరేనని రాయడానికి కూర్చున్నాను. కవిత నాకు ఎంతో నచ్చింది, అయినా అలవాటైన చెయ్యి అలవాటైన మాటల వైపే పోయింది. 'దాంపత్యంలోని ఆర్ద్రతను అలతి అలతి పదాల్లో ఒదిగించిన రచన. చెప్పకనే చెప్పే నేర్పు, సహజమైన గ్రామీణ శోభ పాఠకుణ్ణి కట్టిపడేస్తాయి' అని ఇలా సాగింది. ఆయన దండాలు పెట్టే చేతుల బొమ్మలు వరసగా పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చబోతుంటే ఫోన్. ఆడగొంతు.

"ఎవరమ్మా మీరు? మా ఆయనకి ఆ మాటలు రాసిచ్చింది మీరేనా?"

నేనేనని ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను!

"కల్లంలో కాయలు ఎగదోస్తంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని, 'ఆర్ద్రత' అని అరుస్తాడమ్మా! కూలోళ్ళంతా చేతిలో కాయలు వదిలేసి చూస్తన్నారు. 'గ్రామీణ శోభ' అంటాడు. శోభెవరని మా చిన్నత్త అడిగిద్ది! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలవలా."

నాకు నవ్వు తన్నుకొస్తోంది. అటు ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు గనుక ఆపుకున్నాను.

"ముప్పొద్దులా ఎదురుగా తిరిగే మనిషినమ్మా నేను. ఆయన మాటేదో, బయటి మాటేదో నాకు తెలవదా? బాగుందని ఆయన నోటెమ్మట ఒక ముక్క వస్తే చాలనుకున్నా. అదిగూడా అరువు తెచ్చుకోవాల్సొచ్చిందా?" అంది. "చెవులతోపాటే మనసు గూడా మూసుకుపోయిందేమో అనుకున్నా. అందుకే రాయటం మానేశా. చదువుతున్నాడో లేదో తెలవకుండా రోజూ ఏం రాస్తాం?"

ఆయనకు మనసు లేకపోవడమేమిటమ్మా అని నేను వాదించబోయి ఆగిపోయాను. నా మాట కూడా ఆవిడకు బయటి మాటే అవుతుంది. "మీ ఫోన్లో వాట్సాప్ ఉంది గదమ్మా? ఒకటి పంపిస్తాను, వినండి" అన్నాను. ఆయన నాకు చెప్పిన ఆ రెండో రికార్డింగును అలాగే పంపేశాను. ఆయన్ను అడగలేదు. తగుదునమ్మా అని భార్యాభర్తల మధ్య దూరానని మా అమ్మ బతికుంటే తిట్టేదే, అయినా పంపాను.

ఆవిడ ఏమంటుందోనని ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి మళ్ళీ ఫోన్ చేసింది.

"విన్నానమ్మా" అంది. వెనక ఎవరో కల్లంలో కాయల మీద పరదా పట్టా లాగుతున్న చప్పుడు వినిపించింది. "ఇంత గట్టిగా అరిచి చెప్పాడు గదా, ఊళ్ళో అందరూ వినుంటారు. నేనొక్కదాన్నే వినలా. చేలో ఉన్నా ఆ పూట."

"పోటీలో మీ కవితకు మొదటి బహుమతి ఇద్దామనుకుంటున్నాను" అన్నాను.

"వద్దమ్మా, తీసేయించండి. ఊరందరి ఫోన్లలో మా మజ్జిగ గిన్నె ఎందుకు?" అంది. అలా అంటూ నవ్వింది. నాకు ప్రాణం కుదుటపడింది.

వినుకొండ ఆయనకు చెబితే సంతోషంగా తీసేశారు. నిబంధన నెగ్గిందని ఆయనకు తృప్తి. ఆ ఆదివారం ఫలితాలు రాశాను. మొదటి బహుమతి ఒక చకోర పక్షికి ఇచ్చాను. అది కూడా బాగానే రాశారులెండి. ఆ వారమంతా మాత్రం గ్రూపులో ఏ కవిత చదువుతున్నా నా చెవి ఆ దర్శి నంబరు మీదే ఉంది. ఆవిడ రాసిందో లేదో! అడుగుదామంటే మొహమాటం. మావారు సైతం అన్నం తింటూ, "మీ చెవిటాయన కబురేమన్నా తెలిసిందా?" అని రెండుమూడుసార్లు అడిగారు.

ఒకరోజు పొద్దున్నే పూలు కోస్తుంటే ఫోన్ మోగింది. రికార్డింగు తెరిచాను.

"మేడంగారండీ! రాసిందండీ! ఇప్పుడే! టీ తాగుతుంటే పక్కన కూర్చోనే రాసి పెట్టిందండీ! నేను గూడా తిరిగి రాశా, నా సొంతంగా! తప్పులుంటే ఉన్నయ్! చదువుకుని లోపలికి బోయిందండీ, ఇంకా బయటికి రాలా!"

నాకు కళ్ళు చెమర్చాయి. పూలసజ్జ గోడ మీద పెట్టి, కవిత్వం రుచి మరిగినదాన్ని గదా, ఆశ ఆపుకోలేక గబగబా టైపు చేశాను. ఏం రాశారండీ ఆవిడ? నాకూ పంపండి.

కాసేపటికి బదులొచ్చింది. మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అది పంపనండీ. నాకు రాసింది."