కన్నా, చెవా, చెయ్యా?

ఎదుటివాడికి విషయం ఏ దారిన తలకెక్కుతుందో తేలనిదే జయరామయ్యగారు పాఠం మొదలుపెట్టేవారు కాదు. 1956లో అనంతపురంలో ఇంజనీరింగు విద్యార్థులకు మెకానిక్స్ చెప్పే ఈ లెక్చరరు, క్లాసులో అడుగుపెడుతూనే ఒక్కొక్కణ్ణీ అడిగేవారు: "కన్నా, చెవా, చెయ్యా?" కన్ను అన్నవాడికి బొమ్మ. చెవి అన్నవాడికి కథ. చెయ్యి అన్నవాడికి తాడు ఇచ్చి, "లాగు, చూద్దాం!"

జబ్బు ఇంటిదాకా పాకింది.

"ఉప్మాలో ఉప్పు లేదు. నీకు ఎట్లా చెప్తే ఎక్కుతుంది?"

"మీది చెయ్యి కదా? డబ్బా ఆడ ఉండాది, వేసుకోండి," అంది భార్య వరలక్ష్మమ్మ.

క్లాసులో కంబదూరు నుంచి వచ్చిన వీరప్పకు మాత్రం ఏ దారీ తెరుచుకోలేదు. ఇంగ్లీషులో చెప్పే పాఠానికి తల ఊపడం, పరీక్ష తప్పడం. "ఈ తూరి తప్పితే వచ్చెయ్, ఎద్దులు తోలుకుందువు" అని నాయన కబురు పంపాడు. మౌఖిక పరీక్షకు ఇంకా వారమే ఉంది.

"ఏమప్పా, కన్నా, చెవా, చెయ్యా?"

"కపిల తోలేది ఒకటే తెలుసు సార్."

క్లాసు గొల్లుమంది. జయరామయ్యగారి మొహం వెలిగిపోయింది. "పదప్పా, బావి కాడికి!"

ఊరి బయట రైతు తిప్పన్న కపిల బావి. ఎద్దులు తాడు లాగుతూ పల్లంలోకి దిగుతుంటే, గిలక మీదుగా తోలు బాన నీళ్ళతో పైకొస్తోంది. జయరామయ్యగారు ఎద్దుల్ని విప్పించి, బానలో పావువంతు నీళ్ళే ఉంచి, కాడి తమ మెడమీద పెట్టుకున్నారు. గురువే దైవమని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు అక్కడ లేకపోవడమే మంచిదైంది.

"తోలప్పా!"

"మిమ్మల్నా సార్?"

"ఎద్దును ఎప్పుడన్నా ఇట్ల అడిగినావా? తోలు!"

అడుగు కదల్లేదు. బూట్లు జారాయి.

"నిటారుగా నిలబడితే రాదు సార్! పల్లానికి ఒరగండి, మీ బరువూ లాగుతాది!" వీరప్ప తనను తాను మరిచి అరిచాడు.

"గిలక... ఏం చేస్తాంది?"

"బరువేం తగ్గించదు సార్. లాగే దిక్కు మళ్ళిస్తుంది. లేకుంటే ఎద్దు ఆకాశానికి ఎగరల్ల!"

"ఇదే అప్పా... పుస్తకంలో... నలభై పేజీలు!"

తిప్పన్న బీడీ ఆర్పాడు. "సారూ, మా ఎడమెద్దు కుంటుతాంది. రేపూ వస్తారా?"

పరీక్ష రోజు, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు అడిగింది అదే: బరువు తగ్గించని గిలక దేనికి? వీరప్పకు ఇంగ్లీషు ముక్క రాలేదు. పరీక్షకు పెట్టిన గిలక తాడు అందుకుని, ఎద్దులా ఒరిగి లాగి చూపించాడు. పరీక్షకుడు కోటు విప్పి తనూ లాగాడు. ఆయనదీ చెయ్యే.

సాయంత్రం వీరప్ప పరుగున జయరామయ్యగారింటికొచ్చాడు. "గట్టెక్కినా సార్! నాకు ఇంగ్లీషు ఎక్కదని మీకు ముందే తెలుసు కదా? మరి అందర్నీ అడిగేదెందుకు?"

"ఏటా ఒకడుంటాడప్పా నీ మాదిరి. వాణ్ణొక్కణ్ణే అడిగితే మరుసటి దినం క్లాసుకొస్తాడా?"

కాడి ఒరిసి ఇంకా మానని మెడకు నూనె రాస్తున్న వరలక్ష్మమ్మ గట్టిగా ఒక్క నొక్కు నొక్కింది. "ఇంగ ఎద్దు పనికి పోవద్దని మీకు ఎట్లా చెప్తే ఎక్కుతుంది?"

"అబ్బా! ఎక్కింది, ఎక్కింది!"