రంగం హోటల్లో ఎత్తిన విస్తరాకు

మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. రంగం వెళ్ళినవాడు డబ్బుతోనైనా తిరిగొస్తాడు, లేకపోతే అసలే రాడు అని కూడా అంటారు. నా తమ్ముడు రాములు వెళ్ళి అయిదేళ్ళు దాటింది. అప్పుడప్పుడు మనియార్డరు వచ్చేది కాని మనిషి రాలేదు. "ఆడు బతికున్నాడో, ఆడి పేరెట్టుకుని ఇంకోడు పంపుతన్నాడో, నువ్వే ఎల్లి సూసిరా" అని మా అమ్మ ఈ వేసవి సెలవుల్లో నన్ను ఇంట్లోంచి తరిమినంత పని చేసింది. నేను మాలపేట బడిలో పంతుల్ని. నాకు సముద్రమంటే భయం, పోలీసులంటే భయం, పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్ళంటే మరీ భయం. అమ్మ మాట కాదనే ధైర్యం కూడా లేదు కనుక బయల్దేరాను.

విశాఖపట్నంలో రేవు ఇంకా పూర్తి కాలేదు. ఓడ దూరంగా నీళ్ళలో నిలబడుతుంది, ఒడ్డు నుంచి పడవ మీద దాని దగ్గరికి చేరాలి. ఉదయం ఏడు గంటలకు పడవ ఎక్కాం. కెరటం వచ్చినప్పుడల్లా నేను కళ్ళు మూసుకుని పక్కవాడి చొక్కా పట్టుకున్నాను. డెక్కు టిక్కెట్టు పధ్నాలుగు రూపాయలు. వెళ్ళదలచినవాళ్ళకు నా సలహా ఏమిటంటే, చాప, నీళ్ళ కూజా, అటుకులు, బెల్లం, నిమ్మకాయలు వెంట ఉంచుకోండి. ముందుగా ఎక్కి నీడపట్టు చూసుకోండి. ఇంజను దగ్గర మాత్రం చాప పరవకండి. నేను తెలియక అక్కడే పరిచాను, మూడు రాత్రులు వీపు మాడింది.

నా పక్కన ఒక పెద్దావిడ ఉండేది. రంగంలో తామ్వే అనే పేటలో పాల వ్యాపారం చేసే కొడుకు దగ్గరికి వెళుతోంది. మంచి మనిషి. ఓడ కదిలిన కాసేపటికే, "ఏ వూరు బావూ? మీరేటోల్లు?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాను. రెండోది, ఏ కులమన్న ప్రశ్న, వినగానే వాంతి వస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కటకటాల దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ జాలిపడి నిమ్మకాయ కోసిచ్చింది. ఆ తరవాత ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా నాకు వాంతి వచ్చేది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి నదిలో ప్రవేశించాం. ఎడాపెడా బియ్యం మిల్లుల పొగగొట్టాలు, వాటి వెనక ఎక్కడో బంగారు గోపురం. డాక్టర్లు కళ్ళు, నాలుక చూసి వదిలారు. మనియార్డరు మీది అడ్రసుకు నేను రాసిన ఉత్తరం అందినట్టుంది, జెట్టీ మీద రాములు నిలబడి ఉన్నాడు. ముందు పోల్చుకోలేదు. మీసం పెంచాడు, భుజాలు పలకల్లా తేలాయి, బర్మావాళ్ళలా లుంగీ కట్టాడు. "అన్నా!" అని వాడు మీద పడి వాటేసుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఇచ్చిన జంతికల మూట అక్కడే విప్పి రెండు నోట్లో వేసుకున్నాడు.

అక్కడి నుంచి అవతలి ఒడ్డున ఉన్న సిరియం వెళ్ళాలి. ఆ ఊరికి తన్లిన్ అని బర్మా పేరు. చమురు శుద్ధి చేసే కార్ఖానా ఉంది, రాములుకు అందులో పని. లాంచి నది మధ్యకు వచ్చాక వాడు నా చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, ఇక్కడ మనం కాపులం. గురుతెట్టుకో."

నాకు అర్థం కాలేదు. వాడు ఇంజను చప్పుడు చాటున గబగబా చెప్పాడు. ఇక్కడ పని ఇచ్చేది దొర కాదు, మేస్త్రీ. మేస్త్రీ తన వాళ్ళనే గుంపులో చేర్చుకుంటాడు. గుంపంతా పడుకోడానికి ఒకటే బారకాసు, వండుకోడానికి ఒకటే పొయ్యి. దిగిన మొదటి వారం రాములుకు ఎక్కడా పని దొరకలేదు. "ఏటోడివిరా అని మేస్త్రీ అడిగినాడు. రెండ్రోజులై కూడు లేదన్నా. కాపులోన్ననీసినాను." ఆ ఒక్క మాట మీద అయిదేళ్ళుగా బతుకుతున్నాడు. అందుకే ఊరికి రాలేదు. వస్తే గుంపులో ఎవడైనా వెంట వస్తానంటాడని వాడి భయం.

"తెలిస్తే?" అన్నాను.

"అయిదేల్లు నాతోటి ఒకే కుండలో కూడు తిన్నారు. ఊరుకుంటారేటి? ఎముకలిరగ్గొట్టి నదిలో తోసేత్తారు. అడిగినోడుండడు."

నీళ్ళ వంక చూశాను. బురద రంగులో, లోతు తెలియకుండా పారుతున్నాయి. ముందే చెబితే నేను ఓడ ఎక్కేవాణ్ణే కాదు. వాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే చెప్పలేదట.

బారకాసులో వారం రోజులున్నాను. మేస్త్రీ పేరు అప్పలస్వామి. నిలువెత్తు మనిషి, గొంతు నగారా. నేను ఊహించినట్టు దుర్మార్గుడు కాదు, అదే నా ప్రాణం మీదికి తెచ్చింది. దుర్మార్గుడైతే దూరంగా ఉండేవాణ్ణి. ఈయన నన్ను వదిలేవాడు కాదు. బర్మాలో పంతుళ్ళను సయా అంటారు, నన్నూ అలాగే పిలిచేవాడు. నా కద్దరు చొక్కా చూసి మురిసిపోయేవాడు. "మనోల్లలో ఇంత సదివినోడున్నాడని నా గుంపోల్లకి తెలవాల" అని ప్రతి పూటా పక్కన కూర్చోబెట్టుకుని తినిపించేవాడు. అక్కడ రేకు పళ్ళేలు, ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కుంటారు. అంచేత భోజనం దగ్గర ఏ గండమూ రాలేదు. మిగతా సమయమంతా దొంగకు తేలు కుట్టినట్టే గడిపాను. ఎవరైనా ఊరి సంగతులు ఎత్తితే బడి పాఠాల్లోకి దింపేవాణ్ణి.

ఆదివారం మేస్త్రీ ఒక మాట అన్నాడు. "సయా ఎల్లిపోతన్నారు. మన ముతక కూడు తినీసి ఎల్లిపోతే నాకు నామర్దా. రంగంలో హోటల్ బోయినం పెట్టిత్తాను."

రాములు మొహం పాలిపోయింది. నాది ఎలా ఉందో నాకు తెలియదు. నా జన్మలో నేను హోటల్ గడప దాటలేదు. మా ఊరి దగ్గర బస్తీలో ఒక పూటకూళ్ళ ఇల్లు ఉంది, దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు కూడా వీధికి అవతలి పక్కన నడిచేవాళ్ళం. కడుపునొప్పి అన్నాను. "హోటల్లో మిరియాల సారు తాగితే తగ్గిపోద్ది" అన్నాడు మేస్త్రీ.

తొమ్మిదింటి లాంచిలో రంగం చేరాం. ముందు బంగారు గోపురం చూపించారు. అందరూ దాన్ని చూసి నోరెళ్ళబెడతారట. నేను మెట్లెక్కుతూ హోటల్ గురించే ఆలోచించాను, అందుచేత దాన్ని వర్ణించలేను, క్షమించాలి. పన్నెండు దాటాక ట్రాములో రైలు స్టేషను వైపు వచ్చి మింగళ తౌంగ్‌న్యున్‌లో దిగాం. ఆ పేటలో అడుగడుగునా మన మాటే వినిపిస్తుంది. హోటల్ బోర్డు తెలుగులో, అరవంలో రాసి ఉంది. ముందు గది బ్రాహ్మణులకు, వెనక గది శూద్రులకు అని బాణం గుర్తు వేశారు. నేను రెండుసార్లు చదివాను. మాకు గది లేదు.

మేస్త్రీ నా భుజం మీద చెయ్యి వేసి వెనక గదిలోకి నడిపించాడు. బారులు తీర్చి పీటలు వేసి ఉన్నాయి. మధ్యలో నేను, ఇటు మేస్త్రీ, అటు రాములు. అరిటాకులు పరిచారు. నడివయసు వడ్డనాయన ఒకాయన వచ్చి నా ముందు వంగి, "తమకేం కావాలండీ?" అన్నాడు.

ఈ ముప్పయ్యేళ్ళలో అన్నం పెట్టే చెయ్యి నన్ను అండీ అనలేదు. ఏం కావాలని అసలే అడగలేదు. ఉన్నది పెడతారు, పెట్టింది తింటాం. ఆయన వరసగా ఏకరువు పెట్టాడు. పూరీ, బంగాళాదుంప కూర, సాంబారు, కేసరి. సగం పేర్లు నేను వినలేదు. కాపులింటి పంతులు వినకుండా ఉంటాడా? తప్పు పేరు చెబితే ఆరా తీస్తారా? గది అంతా నా జవాబు కోసమే ఆగినట్టు అనిపించింది. నిజానికి ఎవరి ముద్ద వాళ్ళు మింగుతున్నారు.

"పప్పూ అన్నం" అన్నాను చివరికి.

మేస్త్రీ పకపకా నవ్వాడు. "రంగమొచ్చి పప్పన్నమేటి సయా! ఏయ్, అన్నీ ఎట్టీ. కేసరి రెండు మాట్లెట్టు."

అన్నీ పెట్టారు. రుచి ఎలా ఉందని అడక్కండి. మింగుతున్నానే గాని అన్నమో ఇసకో తెలియలేదు. ఎడమ చెయ్యి ఆకుకు తగలకుండా, మెతుకు పక్క ఆకులో పడకుండా, గ్లాసు పెదవికి ఆనకుండా, చూపు నేల మీద నుంచి లేవకుండా తిన్నాను. మజ్జిగ దాకా వచ్చేసరికి గండం గడిచిందనుకున్నాను. ఆ ధీమాలోనే కొంప మునిగింది.

తినడం అయింది. లేచాను. నా ఆకు మడిచి చేతిలోకి తీసుకున్నాను. గ్లాసులో మిగిలిన నీళ్ళు నేను కూర్చున్న చోట చల్లి, అరచేత్తో తుడిచాను.

మా ఊళ్ళో కాపుల పెళ్ళిళ్ళకు మమ్మల్ని పెరట్లో కూర్చోబెట్టి పెట్టేవారు. తిన్న ఆకు మేమే ఎత్తి, కూర్చున్న చోటు మేమే శుద్ధి చేసి లేవాలి. నడక వచ్చిన నాటి నుంచీ చేసిన పని. నేను చెయ్యాలనుకోలేదు, చేతులే చేసేశాయి.

తలెత్తేసరికి వడ్డనాయన నిలబడిపోయి నన్నే చూస్తున్నాడు. ఎదుటి వరసలో ఇద్దరు తినడం ఆపారు. మేస్త్రీ నవ్వు మొహం మెల్లగా బిగుసుకుంది. "అదేటి సయా?" అన్నాడు. గొంతు పెద్దది కాదు. అయినా నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆకులోంచి మజ్జిగ నా మోచేతి మీదుగా కారుతోంది.

రాములు నవ్వాడు. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో భగవంతుడికే తెలియాలి. "మా అన్న కద్దరోడు కదా మేస్త్రీ! ఆల్లకి ఒట్టు. ఎక్కడికెల్లినా తన ఎంగిలి తనే తియ్యాల, ఇంకోడిసేత తీయించకూడదు. ఇంటికాడ పెల్లిల్లలో కూడా ఇదే గోల, మాకు పరువు పోతంది."

మేస్త్రీ నా చొక్కా చూశాడు, తడి నేల చూశాడు, మళ్ళీ చొక్కా చూశాడు. ఉన్నట్టుండి ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎంత గొప్ప మడిసివయ్యా సయా! ఇంత సదువు సదివి!" అంటూ వంగి తన ఆకు తనే మడిచాడు. గ్లాసు నీళ్ళు చల్లి, తన చోటు తనే తుడిచాడు. కాపుల పెద్ద మేస్త్రీ, నా పక్కన గొంతుక్కూర్చుని, మా వాళ్ళు తరతరాలుగా చేసిన పని చేస్తున్నాడు. నాకు నవ్వు రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. వడ్డనాయన "మేం తీస్తాం బాబూ, మేం తీస్తాం" అని మా వెనక పెరటి దాకా వచ్చాడు.

బయటికి వచ్చి కిళ్ళీలు కట్టించాడు మేస్త్రీ. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "సయా, వొచ్చే ఏడు నాను దేశం ఎల్తన్నాను. మా మేనత్త ఊరు మీ ఊరికి రెండు కోసులే. మీ ఇంటికొత్తాను. మీయట్టాంటి కొడుకుని కన్న తల్లి సేతి కూడు తిని, ఆ తల్లి కాల్లకి దండం ఎట్టుకోవాల."

"తప్పకుండా రండి" అన్నాను. అనక ఏమనగలను?

మర్నాడు ఓడ. రాములు జెట్టీ దాకా వచ్చాడు. నా చాప, కూజా అందించాక, జనంలోకి ఒకసారి చూసి అన్నాడు.

"ఆకు ఒగ్గీసి లెగడం నేర్సుకోడానికి నాకు ఏడాది పట్టిందన్నా. సెయ్యి దానంతటదే పోయేది. ఒక సేత్తో ఇంకో సెయ్యి పట్టుకునేవోన్ని."

"రాములూ, నేను కావాలని..."

"నాకు తెలుసు. నువ్వేటి సేత్తావు." వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మేస్త్రీ మాటంటే మాటే. వొత్తాడు. ఆయన దేశమెల్లేలోగా నాను ఇక్కడ్నించి ఎల్లిపోవాల. పైన బర్మాలో ఎక్కడో ఒక కాడ పని దొరుకుద్ది. ఏ ఊరో అడగొద్దు, నువ్వు ఎతుక్కుంటా రావొద్దు. మనియార్డరు రాకపోతే ఏడవొద్దని అమ్మకి సెప్పు."

"ఏ పేరుతో ఉంటావురా?" అన్నాను. వాడు నా కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో సముద్రం ప్రశాంతంగా ఉంది. ఈసారి ఇంజనుకు దూరంగా మంచి నీడ దొరికింది. పక్కన ఒక కుర్రజంట రంగం కబుర్లు చెప్పుకుంటూ, "హోటల్ బోయినం తిన్నారా, బావున్నాదా?" అని అడిగారు. బాగుందన్నాను. రంగం చూడదగ్గ ఊరే. విశాలమైన వీధులు, ట్రాములు, దీపాలు, పని చేసేవాడికి కూలి. నా తమ్ముణ్ణి అయిదేళ్ళు దాచింది. ఇంకో వందేళ్ళు దాచేది, నేను వెళ్ళకపోతే.

ఇది చదివి వెళ్ళబోయేవాళ్ళకు చివరిగా ఒక మాట చెప్పాలి. నా తమ్ముడి పేరు రాములు కాదు. మేస్త్రీ పేరు కూడా మార్చాను. ఇప్పుడు వాడు ఏ పేరుతో, ఏ ఊళ్ళో, ఏ కులం చెప్పుకుని తింటున్నాడో నాకు తెలియదు. రంగంలో గాని, ఆ పైన ఎక్కడైనా గాని, మన యాసలో మాట్లాడే మనిషి కనిపించి, ఊరు పేరు చెప్పకుండా తప్పుకుంటే వాణ్ణి వదిలెయ్యండి. ఏటోళ్ళని అడక్కండి. అన్నం తిన్నావా అని మాత్రం అడగండి. మా అమ్మ అడగమంది.