దుమ్మక్క వెనక్కి తీసుకున్న క్వేజార్

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి దుమ్మక్క అనేవారు. వెటకారానికి కాదు, ఆవిడ పనే అది. ఊహకందనంత దూరంలో, ఒక గెలాక్సీ నడిమధ్యన పెద్ద బ్లాక్ హోల్ ఉంటుంది. దాని చుట్టూ గిర్రున తిరుగుతూ లోపలికి పడిపోయే వాయువు కొలిమిలా వెలుగుతుంది. అదే క్వేజార్. దాన్ని చుట్టుకుని ఉన్న దుమ్ము ఆ సెగకి కాగి, మన కంటికి ఆనని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు ఆ కాంతిని పట్టి కిందికి పంపితే, దుమ్ము ఎంతుందో లెక్కగట్టేది దుమ్మక్క. పదకొండేళ్లుగా అదే పని.

"లోకంలో దుమ్మంతా ఈవిడ చూసుకుంటుంది, ఇంట్లో దుమ్ముకి మాత్రం నేనే దిక్కు" అని నవ్వేవాడు మొగుడు. ఆయన ఫ్రిజ్ మెకానిక్కు.

ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగించేవారు, ఏడాదికోసారి ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేది. మూడేళ్ల కిందట అదృష్టం తలుపు తట్టింది. విశ్వం ఇంకా పసిగుడ్డుగా ఉన్నప్పటి క్వేజార్ ఒకటి దొరికింది. టెలిస్కోపు దానికేసి నాలుగు గంటలు కదలకుండా చూసింది. అంత తొలినాళ్లలో ఉండకూడనంత దుమ్ము కనిపించింది. ఆ సంగతి మీద పరిశోధన పేపరు అచ్చయింది. డిపార్టుమెంటు పెద్దసారు ఎక్కడ మైకు దొరికినా ఆ సంగతే చెప్పాడు. ఆ పుణ్యాన పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకి ఆవిడ పేరు జాబితాలో మొదట నిలిచింది.

ఒక మంగళవారం పొద్దున, తర్వాతి పేపరు కోసం ఆ నాలుగు గంటల్ని గంటకో ముక్కగా విడగొట్టి చూసుకుంది. మొదటి గంటలో దుమ్ము వెలుగు బాగా ఉంది. రెండో గంటలో తగ్గింది. మూడులో ఇంకా తగ్గింది. నాలుగులో సగం కూడా లేదు.

క్వేజార్ దుమ్ము నాలుగు గంటల్లో చల్లారదు. ఆవిడ టెలిస్కోపు దినచర్య పట్టిక తెరిచింది. తన వంతుకి సరిగ్గా ముందు ఇంకో బృందం ధగధగలాడే నక్షత్రాన్ని చూసింది, కాంతిని పట్టే డిటెక్టరు మీద అదే చోట.

ఇంటికెళ్లేసరికి మొగుడు ముందుగదిలో ఒక కంప్రెసర్ విప్పుకుని కూర్చున్నాడు. చెప్పులైనా విప్పకుండా చెప్పేసింది.

"బల్బుకేసి చూసి గోడకేసి చూస్తే కాసేపు మచ్చ కనిపిస్తుంది కదండీ. టెలిస్కోపు కంటికీ అంతే. నేను మచ్చని చూసి దుమ్మనుకున్నానేమో."

"ఏమో అంటున్నావుగా. ఇంకోసారి చూడమను."

"ఏడాదిన్నర కిందటే దాన్ని చల్లబరిచే వాయువు అయిపోయింది. అది లేకపోతే దాని వేడే దానికి అడ్డం. ఇంక ఈ కాంతిని చూడలేదు."

"గ్యాసే కదా, మళ్లీ ఎక్కించలేరూ?" అనేసి, పెళ్లాం మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఆ తర్వాత పది రోజులు ఆవిడ మనిషి మనిషిలా లేదు. లెక్క ఒకలా వేసింది, ఇంకోలా వేసింది. మచ్చ వాటా తీసేసి, మిగిలిందైనా దుమ్మే అని నిరూపించబోయింది. మిగిలిన అంకె సున్నాకి అటూ ఇటూ ఊగింది తప్ప ఏదీ నిలబడలేదు. అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో గీతలు గీసేది. ఆఖరికి అదే టెలిస్కోపు తీసిన పాత ఫొటోలన్నీ జల్లెడ పడితే ఒకటి దొరికింది. ఇంకెవరో ఇంకేదో చూస్తుంటే, ఈ క్వేజార్ ఓ మూల పడింది. దానికి సరిగ్గా ముందు టెలిస్కోపు ధగధగలాడే నక్షత్రం దేన్నీ చూడలేదు. దుమ్ము నిజమైతే ఇందులోనూ కనిపించి తీరాలి.

కనిపించలేదు. ఆ పరారుణ ఫొటోలో క్వేజార్ ఉండాల్సిన చోట వట్టి నలుపు.

ఆడవాళ్ల బాత్రూమ్‌లోకి వెళ్లి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. మొహం కడుక్కుని నేరుగా పెద్దసారు గదికెళ్లింది.

ఆయన కాగితాలన్నీ చూశాడు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"నిన్నెవరైనా అడిగారా అమ్మా?"

"లేదు సార్."

"టెలిస్కోపు పనైపోయింది. తిరిగి చూసేవాడెవడూ లేడు. ఇంటర్వ్యూ వచ్చే నెల. అది కానీ, తర్వాత మెల్లగా చెబుదాం."

"అప్పుడు చెబితే తెలిసీ దాచినట్టే కదా సార్."

"తెలిసింది నీకొక్కదానికే."

"ఆ ఒక్కదాన్నే నేను భరించలేకపోతున్నాను సార్."

ఆయన కాగితాలు సర్ది వెనక్కిచ్చేశాడు. మర్నాడు పేపరు ఉపసంహరించుకుంటున్నామని పత్రికకి రాసిన ఉత్తరం కింద తనూ సంతకం పెట్టాడు, కానీ ఆవిడ మొహం చూడలేదు.

ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఆ ఏడాది కాంట్రాక్టూ పొడిగించలేదు. పలకరిద్దామని వచ్చినవాళ్లు "పోనీలెండి, మంచిపని చేశారు" అంటుంటే ఆవిడకి ఒళ్లు మండేది. మంచిపని చేసినట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పదకొండేళ్లూ గాలికి పోయాయనే అనిపించింది. ఏడు నెలలు ఆకాశం మాటెత్తితే గదిలోంచి లేచి వెళ్లిపోయేది. మొగుడు మధ్యాహ్నం పని మధ్యలో ఇంటికొచ్చి, తిన్నదో లేదో గిన్నె మూత తీసి చూసి వెళ్లేవాడు.

ఎనిమిదో నెలలో, టెలిస్కోపు పాత పరిశీలనలు దాచే విభాగం నుంచి కబురొచ్చింది. చిన్న ఉద్యోగం, ఎవరూ కోరుకోనిది. ఏ పరిశీలనలో ముందటి నక్షత్రం మచ్చ మిగిలిందో వెతికి, హెచ్చరిక రాయాలి. వద్దనడానికి ఓపిక లేక చేరింది.

చేరిన ఆరో వారం ఒక ఫోను. గొంతు చిన్నవాడిదే, పేపరు రాస్తున్నాడట.

"మేడమ్, నా క్వేజార్ పరిశీలన పక్కన మీ హెచ్చరిక ఉంది. పొరపాటున పడిందేమో అని..."

ఆవిడ ఆ పరిశీలనని గంటకో ముక్కగా విడగొట్టి చూసింది. చూడగానే తెలిసిపోయింది. అయినా రెండోసారీ చూసింది.

"పొరపాటు కాదు బాబూ. అది మచ్చే."

అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. "పోనీలే" అనబోయి మానుకుంది. ఫోను పెట్టెయ్యకుండా, అతను మళ్లీ మాట్లాడేదాకా అలాగే చెవికి ఆనించుకుని కూర్చుంది.