శనగగింజంత చినుకు

మొన్న మధురవాడలో మా అమ్మాయింట్లో కిటికీ పక్కన కూర్చుని బియ్యప్పిండి జల్లిస్తుంటే వాన జల్లు లోపలికి కొట్టింది. జల్లెడలో పిండి ఉండలు మిగిలాయి. తడిసిన పిండి వాసనకి మా మామ్మ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. హార్బరు నుంచి వేటకెళ్లిన మా అయ్య పడవ మూడు రోజులైనా తిరిగి రాలేదు. బయట ఒకటే ముసురు, ఆకాశాన్ని ఎవరో మెత్తగా జల్లిస్తున్నట్టు. మామ్మ చేటలో పిండి పరిచి, కాసేపు వానలో పట్టి, లోపలికి తెచ్చి జల్లించింది.

"ఏటి సూత్తన్నావే మామ్మా?"

"సినుకులే అమ్మీ. సెనగ్గింజలంతుంటే అది వచ్చిపోయే వాన. ఇయ్యి సూడు, ఆవగింజలు. ఈ ముసురు ఒగ్గదే."

ఉండలు పెద్దవైతే వాన ఆగిపోతుంది కాబోలనుకున్నాను. మామ్మ పొయ్యి దగ్గరికి వెళ్లగానే గ్లాసులో వేళ్లు ముంచి పిండిలో చుక్కలు రాల్చాను. జల్లించి, "మామ్మా, సెనగ్గింజలే!" అని అరిచాను.

మామ్మ వాటిని వేలితో అటూ ఇటూ దొర్లించి చూసింది.

"అవునే! అయితే మీ అయ్య వచ్చేత్తాడు" అని ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసింది.

మర్నాడు అయ్య వచ్చాడు. ఆయన్ని తెచ్చింది నేనేనని ఎన్నేళ్లు మురిసిపోయానో!

మొన్నటి ఉండల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాన ఎప్పుడూ అలాగే చేస్తుంది. ఆ రోజు నేను చేసినవన్నీ ఒకే సైజు. అది వాన పని కాదని మామ్మకి చూడగానే తెలిసే ఉంటుంది. తెలిసే, అయ్య వంతు బియ్యం పోసింది.