ఏడు గడియలప్పుడు

మూడేళ్ల కిందటి ఏప్రిల్ నెలాఖరు. ఖరగ్‌పూర్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ ఎమర్జెన్సీలో నాది ఉదయం షిఫ్టు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాప్ పనికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే నర్సింగ్ చదివాను. తెలుగువాళ్లెవరు వచ్చినా మా బెంగాలీ డాక్టర్ బాబు నన్నే ముందుకు తోస్తారు. నేను పక్కనుంటే భాష గురించి ఆయనకు చింత ఉండదు. ఆ రోజు మాత్రం పొరపాటు చేసింది నేనే.

పదకొండూ పదికి ఒక ఆటో గుమ్మం దాకా వచ్చేసింది. డ్రైవర్ శంకర్‌దా, నేనూ కలిసి ఒకావిడను స్ట్రెచర్ మీదికి దించాం. పేరు పైడమ్మ, వయసు నలభై నాలుగు. ఝపటాపూర్‌లో టిఫిన్ బండి నడుపుతుంది. మూతి ఎడమవైపుకి లాగేసింది. కుడిచెయ్యి ఎత్తి వదిలితే దబ్బున పడిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, మాట మాత్రం లేదు. ఏదో చెప్పాలని గొంతులో గింజుకుంటోంది. వెంట వచ్చింది ఆమె తల్లి నూకాలమ్మ ఒక్కతే. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఫ్యాక్టరీలో పైడమ్మ భర్త షిఫ్టులో ఉన్నాడు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు కాబట్టి దొరకలేదు.

చూడగానే తెలిసిపోయింది, స్ట్రోక్. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే ఇలా అవుతుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది గానీ, మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే మెదడులోనే రక్తం కారి మనిషి పోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే మా ఫారంలో అన్నిటికంటే ముఖ్యమైన గడి 'లాస్ట్ నోన్ వెల్'. అంటే రోగి చివరిసారి బాగా ఉన్నట్టు ఎవరైనా చూసిన సమయం.

"ఎప్పుడు పడిపోయింది మామ్మా?" అని అడిగాను.

"ఏడు గడియలప్పుడు తల్లీ. పిండి కలుపుతా కలుపుతా అలా కూలబడిపోనాది."

ఫారంలో '7 ఏఎం' అని రాశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

డాక్టర్ బాబు అది చూసి గోడ గడియారం వైపు చూశారు. పదకొండుంపావు. ఏడుకి నాలుగున్నర కలిపితే పదకొండున్నర. సీటీ స్కాన్ తీసి, రక్తస్రావం లేదని చూసుకుని మందు కలిపేసరికే ఆ సమయం దాటిపోతుంది.

"సీటీకి పంపండి. ఇంజెక్షన్ మాత్రం కుదరదు," అన్నారు బెంగాలీలో. "ఇంత ఆలస్యంగా తెచ్చారేం?"

వెంటనే ఎందుకు తేలేదని నూకాలమ్మను అడిగాను, కొంచెం కటువుగానే. పక్కింటివాళ్లు ఎండదెబ్బ అన్నారట. పడుకోబెట్టి ఉప్పు పంచదార నీళ్లు పట్టబోయారట. అదే వీధిలో ఉండే శంకర్‌దా ఆటోతో స్టేషన్ నుంచి తిరిగి వచ్చేదాకా ఇంకెవరూ కదల్లేదట.

"నాను సెప్తానే ఉన్నాను, ఇది ఎండ కాదు, మాట పోనాదీ అని. నా మాట ఎవులు ఇంటారు?" అంది. తర్వాత కిటికీలోంచి బయటి ఎండను ఒకసారి చూసింది. "ఇప్పటికే పదిహేను గడియలు దాటిపోనాది."

స్ట్రెచర్ తోస్తున్న నా చేతులు ఆగిపోయాయి.

"ఏటన్నావు మామ్మా? పదిహేనా?"

"అవును. పొద్దుపొడిసిన కాడి నుంచి పదిహేను."

"గడియంటే గంట కాదా?"

ఆమె నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఏమీ తెలియని పిల్లను చూసినట్టు చూసింది. "గంటెందుకవుద్దమ్మా? రెండున్నర గడియలైతే మీ గంట ఒకటి."

స్ట్రెచర్‌ను వార్డ్‌బాయ్‌కి అప్పగించి సీటీ గదికి పంపాను. అరచేతి మీద పెన్నుతో లెక్క వేసుకున్నాను. గడియకి ఇరవై నాలుగు నిమిషాలు. అప్పుడు ఏడు, ఇప్పుడు పదిహేను, మధ్యలో ఎనిమిది గడియలు. మూడు గంటల పన్నెండు నిమిషాలు. అంటే పడిపోయింది ఏడుకి కాదు, ఎనిమిది దాటాక. పన్నెండున్నర దాకా సమయం ఉంది.

ఒక తప్పుడు అంకె రాసి నేను ఆ మనిషికున్న గంట సమయాన్ని కొట్టేశాను.

పరుగెత్తుకెళ్లి డాక్టర్ బాబుకు చెప్పాను. ఆయన నమ్మలేదు. 'గడియ' అనగానే ఆయనకు బెంగాలీ 'ఘొడి', అంటే చేతి గడియారమే గుర్తొచ్చింది. విడమరచి చెప్పాక అన్నారు, "మా ఠాకుమా, మా నాన్నమ్మ, 'ఎక్ దొండో' అనేది. అంటే కాసేపు అనుకునేవాణ్ణి. అదీ ఇదే కొలతేమో." వెంటనే తల అడ్డంగా ఊపారు. "కానీ సిస్టర్, ఎండ చూసి చెప్పిన లెక్క మీద నేను ఆ మందు ఎక్కించలేను. అరగంట అటూఇటూ అయితే ఆమెను నేనే చంపినట్టు. ఎనిమిది దాకా ఆమె బాగానే ఉందని చెప్పే ఇంకో మనిషిని తీసుకురండి."

ఆయన భయం న్యాయమైనదే. నా భయమూ అదే. ముసలామె అందాజుగా అంటోందేమో. ఉదయం ఏడు గడియలన్నది నిజంగా ఏ ఆరు గడియలో అయితే?

నూకాలమ్మ దగ్గరకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. "మామ్మా, గడియలు నీకెలా తెలుసు?"

"నాను మంత్రసానినమ్మా. రైలు క్వార్టర్లలో మన తెలుగోళ్ల పురుళ్లన్నీ నానే పోసినాను. పిల్ల పుట్టిన గడియ సెప్తేనే పంతులు జాతకం రాసేవోడు. గడియ తప్పు సెప్తే ఆ పిల్ల బతుకే తప్పుగా రాసేత్తారు కదా. అలా తప్పు సెప్పకూడదు."

ఆమె గొంతులో అనుమానమన్నది లేదు. నా మనసు కాస్త కుదుటపడింది. కానీ డాక్టర్ బాబుకి అది సాక్ష్యం కాదు.

"పడిపోయేముందు ఎవరితోనన్నా మాట్లాడిందా?"

"గేసు బండోడితో ఫోన్‌లో తగువాడింది. బండ ఇంకా తేలేదని. ఫోను పెట్టి పిండిలో సెయ్యి పెట్టినాది, అంతే."

శంకర్‌దా ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ వీధికి గ్యాస్ వేసే మనిషి నంబర్ అతని దగ్గర ఉంది. ఫోన్ చేశాం. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. సీటీ గది నుంచి కబురొచ్చింది, రక్తస్రావం లేదు. పదకొండూ నలభై. మూడోసారి ఎత్తాడు. వెనకాల సిలిండర్లు దొర్లుతున్న చప్పుడు.

"భయ్యా, పొద్దున పైడమ్మతో మాట్లాడావా? ఆమె మాట సరిగ్గా ఉందా?"

"బాత్? అరే దీదీ, పూరా డాంట్ దియా ముఝే!" అన్నాడు. మాట్లాడటం కాదట, దులిపేసిందట. ఏమందో కూడా అప్పజెప్పాడు. నత్తి లేదు, తడబాటు లేదు. ఫోన్‌లో సమయం చూసి చెప్పమన్నాను. ఏడూ యాభై రెండుకి వచ్చిన కాల్. ఆ మాట స్పీకర్‌లో డాక్టర్ బాబుకు మళ్లీ చెప్పించాను.

నూకాలమ్మ లెక్కకి సరిపోయింది. ఆయన ఫారంలో నా అంకె కొట్టేసి, కొత్తది రాసి సంతకం పెట్టారు. పన్నెండూ ఇరవై రెండు లోపు ఇచ్చెయ్యాలి.

ఇక సంతకం. భర్త లేడు, వచ్చేదాకా ఆగే వీలు లేదు. మందు పనిచేస్తే మాట, చెయ్యి తిరిగి రావచ్చని, వికటిస్తే మెదడులో రక్తం కారి ప్రాణమే పోవచ్చని తల్లికి దాచకుండా చెప్పాను. నా కళ్లు గడియారం మీద, ఆమె కళ్లు కూతురి మీద.

"తల్లా పిల్లా అని నానూ అడిగేదాన్నమ్మా, పురుడు అడ్డం తిరిగితే. ఎవులూ జవాబు సెప్పేవోరు కాదు. నానే సేసీదాన్ని." వేలిముద్ర కోసం బొటనవేలు చాచింది. "నువ్వు సెయ్యి."

బీపీ ఎక్కువగా ఉంది. అది దిగేదాకా ఇంజెక్షన్ ఇవ్వకూడదు. దించే మందు ఇచ్చి ఐదు నిమిషాలకొకసారి చూశాం. దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. పన్నెండు దాటింది. పన్నెండూ పదకొండుకి దిగింది. పద్నాలుగుకి మందు ఎక్కించడం మొదలుపెట్టాం. ఆ తర్వాత గంటసేపు పదిహేను నిమిషాలకొకసారి ఆమె కళ్లూ చెయ్యీ చూస్తూ మంచం పక్కనే నిలబడ్డాను. నీళ్లు తాగడం కూడా గుర్తు రాలేదు.

సాయంత్రానికి కుడిచేతి వేళ్లు కదిలాయి. భర్త అప్పటికి వచ్చి తలవైపు నిలబడి ఉన్నాడు. మూడో రోజు పైడమ్మ మాట్లాడింది. మాట ముద్దగా వచ్చినా అర్థమైంది. గ్యాస్ వచ్చిందా అని అడిగింది. నూకాలమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. ఇప్పటికీ అట్లకాడ ఎడమచేత్తోనే పట్టుకుంటుందని శంకర్‌దా చెప్పాడు. కానీ బండి నడుస్తోంది.

నేను చేసిన తప్పు డాక్టర్ బాబు ఎవరికీ చెప్పలేదు. నేనే హెడ్ సిస్టర్‌కి చెప్పి, కొత్తగా చేరిన నర్సులందరికీ చెప్పాను. ఇప్పుడు 'ఎన్నింటికి?' అని అడిగి ఊరుకోను. 'అంతకుముందు ఏం చేస్తున్నారు? ఎవరితో మాట్లాడారు?' అని అడుగుతాను. ఆఖరున, 'ఇప్పుడు టైం ఎంతై ఉంటుంది?' అని కూడా అడుగుతాను. చాలామంది నా మొహంలోకి వింతగా చూస్తారు. పూట అంటారు, జాము అంటారు, పహర్ అంటారు, ఫలానా లోకల్ రైలు వెళ్లాక అంటారు. అన్నీ అడిగి నిమిషాల్లోకి మార్చాకే పెన్ను తీస్తాను.

ఆ కేసు నాకు జాగ్రత్త నేర్పింది, కానీ మనశ్శాంతి ఇవ్వలేదు. అంతకుముందు ఎన్నో ఏళ్లు అదే గడిలో నేను అంకెలు రాశాను. ఎవరో ముసలివాళ్లు ఏదో మాట అంటే, నాకు తెలిసిన గంటల్లోకి తిప్పి రాసేసి, సమయం దాటిపోయిందని చెప్పి పంపేసి ఉంటాను. వాళ్లలో ఎంతమందికి నిజంగా ఇంకా సమయం ఉందో నాకెప్పటికీ తెలియదు.