తలకన్నా పెద్ద రాయి

హాంకాంగ్‌లో బస్సు నడిపి రిటైరైన లావ్ వింగ్‌కీకి జీవితంలో మిగిలిన బాధ్యత ఒక తాబేలు. కొత్త సంవత్సరానికి ఇంట్లో అదృష్టం నిండాలని భార్య దాని తొట్టి అడుగున చిన్న చిన్న ఎర్రరాళ్లు పరిచింది. తాబేలు ఆ అదృష్టాన్ని మింగి, తిండి మానేసింది. డాక్టరు నానా తంటాలు పడి రాళ్లు బయటికి రప్పించాడు.

ఇప్పుడు వింగ్‌కీ కాళ్లీడ్చుకుంటూ పెంపుడు చేపల బజారంతా తిరిగి, వెంట డబ్బాలో తెచ్చుకున్న తాబేలు తల పక్కన ఒక్కో రాయినీ పెట్టి, పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా పరీక్షిస్తున్నాడు.

"ఈ బంగారు రంగువి తీసుకో తాతా, ఇంటికి సిరి!" అన్నాడు దుకాణదారు.

"దాని నోట్లో పట్టే సిరి మాకొద్దు నాయనా. తలకన్నా పెద్దవి చూపించు."

నున్నటి పెద్ద రాళ్లు తెచ్చి తొట్టిలో పెడితే, "ఎరుపు లేకపోతే ఎలాగయ్యా?" అంది భార్య. వాదించే ఓపిక లేక, వింగ్‌కీ తొట్టి అద్దానికి బయటివైపు ఎర్రకాగితం అంటించాడు.

తాబేలు పెద్ద రాయిని ఒకసారి కొరికి చూసి, విసుగెత్తి, ముందు వేసిన రొయ్య తిన్నది.